చీటీ గుచ్చని మూట

చిన్నకోడలికి ప్రపంచంలో అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే: తనను ఎవరైనా దొంగ అనడం. బొద్దింక కంటే, కరెంటు కంటే, ఆఖరికి తోడికోడలి నవ్వు కంటే కూడా అదే పెద్దది. తొమ్మిదో తరగతిలో ఎవరిదో జామెట్రీ బాక్సు పోతే క్లాసు క్లాసంతా తనవంకే తిరిగి చూసింది. బాక్సు మర్నాడు టీచరు బల్ల సొరుగులో దొరికింది. కాని ఆ చూపుల్ని ఎవరూ వెనక్కి తీసుకోలేదు. పై ఏడాది నాన్న పని పోయి ఆమె బడి మానేసింది. చదువు ఆగింది గాని చూపులు ఆగలేదు. ఇప్పటికీ దుకాణంలోంచి బయటికొచ్చేటప్పుడు కాపలావాడు అడక్కపోయినా సంచి విప్పి చూపిస్తుంది. సబ్బు బిళ్ళ కొన్న రసీదు ఆరు నెలలు దాస్తుంది. బస్సులో పక్కావిడ పర్సు పోయిందంటే తన పర్సు తనే తెరిచి "చూడండి, ఇది నాదే" అంటుంది.

అలాంటి మనిషిని ఎలాంటి గోతిలోకి దింపారో వింటే మీకూ ఒళ్ళు మండుతుంది.

ఆ బుధవారం పొద్దున్న ఆమె వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడాది చివరి సెలవులు ఆదివారం నుంచి మొదలు. సెలవులు రాగానే చుట్టాలూ స్నేహితులూ ఒకళ్ళకొకళ్ళు బహుమతులు ఇచ్చుకోవాలన్నది ఆ కుటుంబంలో పెద్దకోడలు మూడేళ్ళ కిందట పుట్టించిన ఆనవాయితీ. భర్తకు ప్రమోషన్ వచ్చిన ఏడాది పుట్టించింది కాబట్టి దానికి పుట్టుకతోనే ఖరీదైన అలవాట్లు ఉన్నాయి. ఎవరెవరికి ఇవ్వాలో జాబితా కూడా ఆవిడే రాసి ఫోనులో పంపుతుంది.

"పన్నెండు మంది!" అంది చిన్నకోడలు, పాపకు జడ వేస్తూ. కోపంలో జడ కాస్త బిగిసింది. పాప కెవ్వుమంది. "మీ అన్నయ్యగారింట్లో ఐదుగురు, మీ అక్కయ్యింట్లో నలుగురు. సరే, చుట్టాలు. కింది వాటాలో ఆ మొగుడూ పెళ్ళాలకెందుకండీ?"

"నిరుడు మనకు కొవ్వొత్తి ఇచ్చారు కదే," అన్నాడు భర్త, బూటు లేసు కట్టుకుంటూ. అతను లిఫ్టు మెకానిక్కు. ఎంత ఎత్తులో వేలాడినా కంగారు పడడు. ఇంట్లో కూడా అంతే, అదే ఆమెకు కంపరం.

"ఎవరడిగారు ఆ కొవ్వొత్తి? వెలిగిస్తే ఇల్లంతా ఫినాయిలు కంపు! పన్నెండోవాడు ఎవరు?"

"మా సూపర్‌వైజరు. అది నేనే కలిపాను."

"కలుపుతారు! చేతికి ఎముక లేని మారాజు! కొత్త సంవత్సరంలో పాపను బడిలో వేయాలి, ఆ డబ్బు తప్ప ఇంట్లో ఇంకేముంది? దాన్ని ముడితే ఊరుకోను."

"ముట్టను. నువ్వే ఏదో ఒకటి చెయ్యి. నీ చేతిలో పనుంది కదా. మొన్ననే అందరికీ చెప్పేశాను, ఈసారి మా ఆవిడ ప్రత్యేకంగా ఇస్తోందని."

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో ఆమెకు ఆ క్షణాన తెలిసింది. కాని అతను అన్నదాంట్లో విషయం ఉంది. ఆమె వీధి చివర టైలరు కొట్లో హుక్కులూ కాజాలూ కుట్టే పనికి వెళ్తుంది. ఇంట్లో అత్తగారు వాడి వదిలేసిన కాలు మిషను ఉంది. కొట్లో మిగిలిన గుడ్డ ముక్కలు ఎవరైనా పట్టుకెళ్ళొచ్చు. ముక్కలతో పన్నెండు చేతిసంచులు కుడితే పైసా ఖర్చు లేకుండా సెలవులు గట్టెక్కుతాయి. పథకం అంతే. ఇందులో పాపం ఎక్కడుందో మీరే చెప్పండి.

టైలరు మాస్టారి కొట్టు వీధి వైపు రెండు గాజు తలుపులతో ఉంటుంది. ముందు కత్తిరించే బల్ల, వెనక మూడు మిషన్లు, మూల ఇస్త్రీ బల్ల. ఆ ఇస్త్రీ బల్ల దగ్గర పదకొండేళ్ళుగా నిలబడ్డ మనిషిని అందరూ పెద్దమ్మ అంటారు. నలుగురు మాట్లాడే చోట ఒక మాట మాట్లాడుతుంది. పాపకు నాలుగేళ్ళు. చిన్నకోడలు కాజాలు కుట్టినంతసేపూ అది పెద్దమ్మ బల్ల కిందే ఆడుకుంటుంది. దాని ముక్కు తుడిచేది పెద్దమ్మ, అన్నం తినిపించేది పెద్దమ్మ, వేడి పెట్టె వైపు చెయ్యి చాస్తే కసిరేది కూడా పెద్దమ్మే.

కొట్లో ఒక పద్ధతి ఉంది. కత్తిరించిన ఆర్డరు ఏదైనా మూట కట్టి, పైన ఆర్డరిచ్చినవాళ్ళ పేరున్న చీటీ పిన్నుతో గుచ్చాలి. చీటీ లేని మూట చెత్త మూట. కొట్లో చేరిన మొదటి రోజే మాస్టారు ఈ ముక్క వేలు ఆడిస్తూ మరీ చెప్పాడు.

ఆ సాయంత్రం కత్తిరించే బల్ల కింద పాత దుప్పట్లో కట్టిన మూట ఒకటి ముందుకు కనబడింది. చీటీ లేదు. వేలు పెట్టి చూస్తే వెల్వెట్టు, పట్టు, శాటిను ముక్కలు. అన్నీ ఎగుడుదిగుడుగా, ఒకటి ఇటు చిరిగినట్టు, ఒకటి అటు చీలినట్టు. చెత్త కాక మరేమిటి?

అయినా ఆమె అడిగింది. ఆమె అడక్కుండా గాలి కూడా పీల్చదు.

"మాస్టారూ, బల్ల కింద మూట పట్టుకెళ్ళనా?"

మాస్టారి నోటి నిండా పిన్నులున్నాయి. ఎవరిదో కోటు భుజం సరిచేస్తున్నాడు. తలూపాడు.

"ఈ మూటే మాస్టారూ. పట్టుకెళ్తున్నాను. చూశారా?"

"ఊఁ, ఊఁ," అన్నాడు పిన్నుల సందుల్లోంచి, చూడకుండానే.

"ముక్కల మూట మాస్టారూ..."

మాస్టారు పిన్నులు అరచేతిలోకి ఉమ్మేశాడు. "పట్టుకెళ్ళమ్మా తల్లీ! ఎన్నిసార్లు అడుగుతావు? రాసివ్వమంటావా?"

నిజానికి రాసిమ్మంటే బాగుండునని ఆమెకు అనిపించింది. అడగడానికి మొహమాటపడింది. మూట బరువుగా ఉంటే పెద్దమ్మ ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి వచ్చి ఒక చెయ్యి వేసి ఎత్తిచ్చింది. "మెట్లు చూసుకో," అంది. ఆ రోజుకు ఆవిడ మాటల కోటా అయిపోయింది.

రెండు రోజుల్లో పన్నెండు సంచులు తయారయ్యాయి. చిరిగిన అంచులన్నీ సమానంగా కత్తిరించి, ఎర్ర వెల్వెట్టు పక్కన పసుప్పచ్చ శాటిను వేసి, లోపల లైనింగు కూడా పెట్టి కుట్టింది. అవి చూసి ఆమెకే ముద్దొచ్చాయి. శనివారం మధ్యాహ్నం పాపను చంకనేసుకుని ఇల్లిల్లూ తిరిగి పంచింది.

పెద్దకోడలు సంచిని అటు తిప్పింది, ఇటు తిప్పింది. ఖరీదు చీటీ కోసం వెతికింది. దొరకలేదు. "కుట్టావా? ఓహో. ఫర్వాలేదులే అమ్మాయ్, మనసు ముఖ్యం," అంది. ఆ "ఫర్వాలేదులే" మెట్లు దిగుతున్నంతసేపూ చిన్నకోడలి చెవిలో దోమలా గీపెట్టింది.

ఆడపడుచు నాలుగు సంచులూ తీసుకుని, "మా తమ్ముడికి ఓవర్‌టైం ఇవ్వడం లేదా ఏమిటి?" అంది. కింది వాటావిడ మాత్రం "భలే ఉన్నాయే!" అంది. తర్వాత ఇంకో కొవ్వొత్తి ఇచ్చింది.

ఆదివారం పొద్దున్న ఫోను మోగింది. మాస్టారు.

"చిన్నమ్మాయ్, ఒక మాట చెప్దామని చేశాను. రేపట్నుంచి నీ పిల్లను ఆ ఇస్త్రీ ఆవిడ దగ్గర వదలకు."

"ఏమైంది మాస్టారూ?"

"పనిలోంచి తీసేశాను. దొంగతనం! డాన్సు టీచరు పన్నెండు కోట్లు ఆర్డరిచ్చింది కదా, వచ్చే శనివారం పిల్లల ప్రోగ్రాముకి. బిచ్చగాళ్ళ డాన్సట. కోటు నిండా అతుకులుండాలి, అవి చిరుగు పీలికల్లా కనబడాలి, కాని గుడ్డ మాత్రం కొత్తది, ఖరీదైంది కావాలి, లైట్లలో మెరవాలట! మూడు రోజులు కూర్చుని చిరిగినట్టు కత్తిరించానమ్మా! చిరిగినట్టు కత్తిరించడం ఎంత కష్టమో తెలుసా? నిన్న సాయంత్రం బల్ల కింద చూస్తే మూట లేదు. ఉత్త చెత్త మూట మిగిలింది."

చిన్నకోడలు గోడ పట్టుకుంది.

"పెద్దమ్మేనని... ఎలా తెలిసింది?"

"రాత్రీ పగలూ బల్లల మధ్యే కదా ఉంటుంది! మూట ఎవరు తీశారో తెలుసా అని అడిగాను. తెలుసు, చెప్పను అంది. విన్నావా పొగరు! నువ్వే తీశావా అంటే నా మొహం చూసి ఊరుకుంది. పో అన్నాను. పోయింది."

నేనే తీశాను మాస్టారూ, మిమ్మల్ని మూడుసార్లు అడిగి తీశాను, అని ఆమె అనాలి. మాట గొంతు దాకా వచ్చింది. వచ్చి, క్లాసు క్లాసంతా తిరిగి చూస్తున్నట్టయి, మళ్ళీ లోపలికి పోయింది. "అలాగా మాస్టారూ," అని ఫోను పెట్టేసింది. పెట్టేశాక తన చెంప తనే వాయించుకుంది.

"ఏమైందే?" అన్నాడు భర్త.

"ఏమవుతుంది! మీ ఆనవాయితీలు తగలెయ్య! నా వల్ల ఆ ముసలావిడ దొంగ అయింది!" అంటూ జరిగింది చెప్పింది.

"అయితే ఫోను చేసి చెప్పెయ్. ఒక్క ముక్క."

"మీకేం, ఒక్క ముక్క! ముందు గుడ్డ మాస్టారి ముందు పెట్టి, అప్పుడు నోరు విప్పుతాను. ఉత్త చేతుల్తో వెళ్తే దొంగ అంటారు. సంచులన్నీ వెనక్కి తెచ్చి విప్పేస్తాను."

"ఇచ్చిన బహుమతులు వెనక్కి అడుగుతావా?" మొదటిసారి అతని మొహంలో కంగారు కనబడింది.

"అడుగుతాను. ఎవడొచ్చి ఆపుతాడో చూస్తాను."

చెప్పులు వేసుకుని ముందు కింది వాటాకు దిగింది.

"ఆ సంచులా?" అంది కింది వాటావిడ, రెండు చేతులూ తుడుచుకుంటూ. "అయ్యో, మా మనవరాలి డాన్సు టీచరుకి ఇచ్చేశానే. నిన్న సాయంత్రం సెలవులకు ముందు చివరి క్లాసు కదా. పాపం, అంత బావున్నాయి, ఇంట్లో దాచుకోవడం ఎందుకని..."

"నిన్న మధ్యాహ్నమే కదండీ నేనిచ్చింది!"

"అవును, సమయానికి ఇచ్చావు తల్లీ. నేనేం కొనాలా అని బుర్ర బద్దలు కొట్టుకుంటున్నాను."

చిన్నకోడలు పళ్ళు కొరుక్కుంటూ పెద్దకోడలింటికి నడిచింది. బస్సెక్కితే ఖర్చు. నడిస్తే కోపం చల్లారుతుందనుకుంది గాని, అడుగడుక్కీ ఇంకాస్త రాజుకుంది.

పెద్దకోడలు తలుపు సగమే తీసింది. "ఏంటమ్మాయ్, పొద్దున్నే?"

"అక్కా, ఏమీ అనుకోకు. నిన్న ఇచ్చిన సంచులు ఒకసారి ఇస్తావా? గుడ్డలో పొరపాటు జరిగింది."

పెద్దకోడలి కళ్ళు గుమ్మం వైపు తిరిగాయి, తర్వాత పైకప్పు వైపు తిరిగాయి. "అవి... ఇక్కడ లేవు."

"ఐదూ లేవా?"

"మా పిల్లలిద్దరూ డాన్సు నేర్చుకుంటున్నారు కదా. టీచరుకి ఏదో ఒకటి ఇవ్వాలి. ఒకటిస్తే ఏం బావుంటుంది? ఐదూ కలిపి రిబ్బను కట్టి సెట్టులా ఇచ్చాను. గొప్పగా ఉంది."

"నేను కుట్టానని చెప్పావా?"

"ఎలా చెప్తాను? ఎగ్జిబిషన్‌లో కొన్నానని చెప్పాను. చాలా ఖరీదని కూడా చెప్పాను. నీ పరువు కోసమే!"

నా పరువా, అనుకుంది చిన్నకోడలు. లోపల ఏదో పుటుక్కున తెగింది. "నా చేతికుట్టు నీకు ఫర్వాలేదులే, టీచరుకైతే ఖరీదైంది! అంతేనా అక్కా? ఇంకెప్పుడూ నా దగ్గర మనసు ముఖ్యం అనకు!" అని పెద్దకోడలి మొహం మీదే అనేసి మెట్లు దిగింది. పెళ్ళయిన ఐదేళ్ళలో ఆమె ఆ ఇంట్లో గొంతు పెంచడం అదే మొదలు. దిగుతుంటే ఎందుకో కాస్త బాగానే అనిపించింది.

ఆమె వీధి మలుపు తిరిగేలోపే పెద్దకోడలు ఆడపడుచుకు ఫోను చేసింది. చిన్నది ఇచ్చిన బహుమతులు వెనక్కి లాక్కుంటోంది, అంది. ఆడపడుచు ఊరుకునే మనిషి కాదు. అమ్ముకోవడానికేమో, అని తను ఒక మాట కలిపింది. అది విన్న ఆడపడుచు భర్త, బావమరిదికి ఉద్యోగం పోయిందేమో, అన్నాడు. ఏమో అన్న మాట రెండో ఫోనుకే ఊడిపోయింది. పది నిమిషాల్లో చిన్నకోడలి భర్తకు ఉద్యోగం పోయి, అద్దె కట్టలేక, సామాను అమ్ముకుంటున్నట్టు నిశ్చయమైంది.

అందుకే ఆడపడుచు ఇంటి తలుపు తట్టగానే తెరుచుకుంది. ఆడపడుచు రెండు సంచులు ఆమె చేతిలో పెట్టి, పైన పాత బట్టల కట్ట ఒకటి పెట్టి, కళ్ళొత్తుకుంది.

"ఇవేంటి వదినా?"

"తీసుకో. మా తమ్ముడు నోరు తెరిచి అడగడు, నాకు తెలుసు. ఇవి మావారి పాత ప్యాంట్లు. నడుము దగ్గర కాస్త పట్టించుకుంటే సరిపోతాయి."

"ప్యాంట్లెందుకు వదినా? సంచులు నాలుగిచ్చాను, రెండే ఉన్నాయేం?"

"ఉన్నవాటికి సంతోషించక! మిగతా రెండూ మా చిన్నదాని డాన్సు టీచరుకిచ్చాను. పస్తులున్నా లెక్క మాత్రం తప్పదే నీకు!"

"పస్తులెవరున్నారు?" అని అరిచింది చిన్నకోడలు. జవాబు వినకుండానే ప్యాంట్ల కట్ట గుమ్మంలో పడేసి బయల్దేరింది.

దారిలో భర్త ఫోను. "ఏమేవ్, నువ్వేం చెప్పావు వాళ్ళకి? అన్నయ్య ఏడ్చినంత పని చేశాడు. డబ్బు కావాలంటే అడగొచ్చు కదరా అంటాడు. కింది వాటావాళ్ళు పెద్ద గిన్నెతో అన్నం తెచ్చి పెట్టారు. మా సూపర్‌వైజరు ఫోను చేసి, నిన్ను తీసేసినట్టు నాకెవరూ చెప్పలేదే అని నన్నే అడుగుతున్నాడు!"

"ఆయనకిచ్చిన సంచి సంగతేంటి?"

"అదా... ఇవ్వలేదే. పానాలూ స్క్రూడ్రైవర్లూ పెట్టుకోవడానికి బావుందని నేనే ఉంచుకున్నాను."

"వెల్వెట్టు సంచిలో పానాలు!" అంది చిన్నకోడలు. నడిరోడ్డు మీద నిలబడి కసితీరా తిట్టింది. ఎదురుగా వస్తున్న ఒకాయన తననేమోనని పక్క వీధిలోకి తిరిగిపోయాడు.

డాన్సు టీచరు ఇల్లు మేడ మీద. పెద్ద హాలు, గోడ పొడుగునా అద్దం. అద్దం ముందు బల్ల మీద తొమ్మిది సంచులు వరసగా పెట్టి ఉన్నాయి. అద్దంలో మరో తొమ్మిది. పద్దెనిమిది సంచులు ఒక్కసారి తనవైపు చూస్తున్నట్టయి చిన్నకోడలు గుమ్మంలోనే ఆగిపోయింది.

టీచరు పొడుగ్గా, నిటారుగా, విసుగ్గా ఉంది. "మీరూ ఎవరి తల్లో అయితే, దయచేసి సంచి మాత్రం ఇవ్వకండి," అంది. "చూశారా? తొమ్మిది! ఊళ్ళో అందరూ ఒకే ఎగ్జిబిషన్‌కి వెళ్ళారా? నాకు రెండు భుజాలే ఉన్నాయి!"

"మేడం, ఆ గుడ్డ... మీకెక్కడైనా చూసినట్టు లేదా?"

"లేదే. ఏం?"

మూడు దుకాణాలు తిరిగి టీచరు తనే ఏరి కొన్న గుడ్డ. ఆవిడకు గుర్తే రాలేదు! ఈ గుడ్డ కోసమా పెద్దమ్మ మెడ పట్టి గెంటించుకుంది? చిన్నకోడలికి భయం ఎటు పోయిందో పోయి కోపం ఒక్కటే మిగిలింది. మూట సంగతి, మాస్టారి పిన్నుల సంగతి, పెద్దమ్మ సంగతి, ఆఖరికి మొగుడి పానాల సంగతి కూడా గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. చివర, "తీసింది నేను. పోలీసులకు చెప్తారో, ఏం చేసుకుంటారో చేసుకోండి. ఆవిడను మాత్రం ఎవరూ ఏమీ అనకూడదు," అంది.

టీచరు ఒక సంచి ఎత్తి, దీపం కింద తిప్పి చూసింది. ఇప్పుడు గుర్తుపట్టింది.

"అంటే, నా గుడ్డను... నాకే... తొమ్మిది బహుమతులుగా ఇచ్చారా?"

"అవును మేడం."

"ఈ ఐదూ చాలా ఖరీదన్నారే రిబ్బనావిడ!"

"మా తోడికోడలు మేడం."

టీచరు మొహం ఎర్రబడింది. తిట్లు మొదలవుతాయని చిన్నకోడలు కళ్ళు మూసుకుంది. తెరిచి చూసేసరికి టీచరు అద్దం ముందు నిలబడి, సంచి భుజానికి తగిలించుకుని, వంగి చెయ్యి చాపి రెండడుగులు వేస్తోంది. తర్వాత గిర్రున తిరిగింది. సంచి గాల్లో లేచి లైటులో తళుక్కుమంది.

"అసలు సంచి లేకుండా బిచ్చగాడేమిటి?" అంది టీచరు తనలో తనే. "నాకు ముందే తట్టలేదేం? కోట్లు సాదాగా ఉంచేద్దాం. పన్నెండు మందికీ పన్నెండు సంచులు. మీ చేతిలో రెండూ ఇచ్చి, మూడోదీ తెచ్చివ్వండి. పానాల మరకలు ఉతక్కండి, అది ఇంకా బావుంటుంది."

సోమవారం పొద్దున్న చిన్నకోడలు పాపను గట్టిగా పట్టుకుని కొట్లో అడుగుపెట్టింది. ముగ్గురు ఖాతాదారులున్నారు. ఉంటే ఉండనీ అనుకుంది. రాత్రంతా ఏమేం అనాలో వరస పెట్టుకుంది.

"మాస్టారూ, ఆ మూట తీసింది..."

"టీచరు పొద్దున్నే ఫోను చేసిందమ్మా!" మాస్టారు మొహం చేటంత అయింది. "పన్నెండు కోట్లకు అతుకులు కుట్టే పని తప్పింది, కూలి మాత్రం మొత్తం ఇస్తానంది! పైగా ఇంకో నలభై సంచులు కావాలట. ఇంత పనిమంతురాలివని చెప్పలేదేమమ్మా? హుక్కులూ కాజాలూ చాలు. ఇవాళ్టి నుంచి మిషను మీద కూర్చో."

ఖాతాదారులు ముగ్గురూ ఆమెను మెచ్చుకోలుగా చూశారు. ఒకావిడ తనకూ ఒక సంచి కావాలంది.

చిన్నకోడలు మూల ఉన్న ఇస్త్రీ బల్ల వైపు చూసింది. పెట్టె చల్లగా బోర్లించి ఉంది. పాప అప్పటికే బల్ల కింద దూరి, అటూ ఇటూ చూసి, బయటికి వచ్చి నిలబడింది.

"మరి పెద్దమ్మ?"

"ఆవిడదేముందమ్మా, కబురు పెడితే వస్తుంది," అన్నాడు మాస్టారు, టేపు మెడలో వేసుకుంటూ.

అంతే. ఆ "ఆవిడదేముందమ్మా" అన్న మాట తగలరాని చోట తగిలింది.

"ఏముందా? పదకొండేళ్ళుంది! గుడ్డ తీసింది నేనైతే నన్ను మిషను ఎక్కిస్తారు, తీయని మనిషిని మెట్లు దింపుతారు! నన్ను దొంగ అనరేం? అనండి! మొన్న ఆవిడను అన్నారు కదా, నోరు తిరిగింది కదా! చీటీ ఏది మాస్టారూ? చీటీ గుచ్చని మూట చెత్త మూటని వేలు ఆడించింది మీరు కాదూ? మూడుసార్లు అడిగాను! పిన్నులన్నీ నోట్లో పెట్టుకుంటే మూటకెవరు గుచ్చుతారు?"

మిషన్ల మీదవాళ్ళు తలెత్తారు. మాస్టారు టేపు సర్దుకున్నాడు. "నేనూ వస్తాను పద," అన్నాడు మెల్లగా. "వద్దు, నేనే వెళ్తాను. మీరొస్తే తలుపు తీయదు," అంది చిన్నకోడలు.

పెద్దమ్మ ఉండేది నీళ్ళ ట్యాంకు వెనక సందులో, మేడ మెట్ల కింద గదిలో. తలుపు తీసే ఉంది. పాప పరుగెత్తి ఆవిడ కాళ్ళకు చుట్టుకుంది. పెద్దమ్మ దాని ముక్కు తుడిచింది, అలవాటుగా. చిన్నకోడలిని మాత్రం కూర్చోమనలేదు.

"మాస్టారు రమ్మంటున్నారు పెద్దమ్మా. నువ్వు తీయలేదని తెలిసిపోయింది."

"నేను తీయలేదని నాకు శనివారమే తెలుసు."

"నేను తీశానని చెప్పేయొచ్చు కదా! మూట ఎత్తిచ్చింది నువ్వే కదా!"

"చెప్తే నిన్ను పిలిచి నిలబెట్టేవాడు. నువ్వు అక్కడే కూలబడేదానివి. ఇది నా బల్ల కింద కూర్చుని వినేది." పెద్దమ్మ పాప తల మీద చెయ్యి వేసింది. "వాళ్ళమ్మను ఎవడో దొంగ అంటుంటే ఇది వినాలా?"

చిన్నకోడలికి కళ్ళ వెంట నీళ్ళు జారాయి. "అయితే నా మీద కోపం లేదా పెద్దమ్మా?"

"ఎందుకు లేదు? బోలెడుంది. ఎన్ని సంచులు కుట్టావు?"

"పన్నెండు."

"ఎవరెవరికి?"

చిన్నకోడలు చెప్పడం మొదలుపెట్టింది. తోడికోడలు, బావగారు, వాళ్ళ పిల్లలు... ఒక్కొక్కరి దగ్గరా గొంతు సన్నబడుతూ వచ్చింది. కొవ్వొత్తుల దంపతుల దాకా వచ్చేసరికి బొత్తిగా వినబడకుండా పోయింది.

"ఆ పన్నెండు మందిలో నేనెక్కడున్నానే?" అంది పెద్దమ్మ.

"అది కాదు పెద్దమ్మా... జాబితా మా అక్క రాసింది..."

"రాయడం నీకూ వచ్చు కదా."

పాపను గుమ్మం ఇవతల దించి, పెద్దమ్మ తలుపు మెల్లగా వేసింది. ధడాలున వేసినా బాగుండేది.

చిన్నకోడలు ఇప్పుడు మిషను మీద కూర్చుంటోంది. టీచరు ఆర్డరు నలభై సంచులూ అయిపోయాయి. పెద్దకోడలు అలాంటిదే ఒకటి డబ్బిచ్చి కొనుక్కుని చుట్టాలందరికీ చూపిస్తోందట. మాస్టారు నాలుగుసార్లు కబురు పెట్టి, ఐదోసారి స్వయంగా వెళ్ళి, మెట్ల మీద అరగంట కూర్చుని వచ్చాడు. పెద్దమ్మ రాలేదు. గది ముందే బల్ల వేసుకుని ఇస్త్రీ చేస్తోంది. కొట్లో కొత్తగా చేరిన మనిషి రెండు కోట్లు కాల్చింది. చిన్నకోడలు దుకాణంలో గుడ్డ కొని, రసీదు కూడా జతచేసి, పదమూడో సంచి కుట్టి ఆ తలుపు గడియకు తగిలించింది. మర్నాడు అది తన ఇంటి గడియకు వేలాడుతోంది. మళ్ళీ తగిలించింది. మళ్ళీ వచ్చింది. ఇప్పుడు వెళ్ళడానికి మొహం చెల్లక ఊరుకుంది గాని, మెట్ల కింద ఆ గదికి చలికాలం చెమ్మ పడుతుందని, ఆవిడకు మోకాళ్ళ నొప్పులని, రోజూ కుడుతూ కుడుతూ మధ్యలో మిషను ఆపేస్తోంది.

మీలో ఎవరైనా నీళ్ళ ట్యాంకు వైపు వెళ్తే ఆవిడ ఎలా ఉందో ఒక్కసారి చూసి రండి. ఇస్త్రీకి రెండు చొక్కాలు పట్టుకెళ్ళండి, బహుమతి మాత్రం పట్టుకెళ్ళకండి.